పదిహేను రోజుల చీటీ

ఉప్పలయ్యను మేమంతా ఏడేళ్ళపాటు శాంతమూర్తి అనుకున్నాం.

యూనివర్సిటీకి తార్నాక వైపు గేటు పక్కన రేకుల షెడ్డులో ఆయన బైండింగు దుకాణం. పీహెచ్‌డీ పిల్లలు తమ థీసిస్‌లు ప్రింటు తీయించుకుని అక్కడికే మోసుకొచ్చేవారు. రేపే ఆఖరి తేదీ అని ఒకరు, గైడు పేరులో అక్షరం తప్పు పడిందని ఒకరు, అట్ట రంగు ఇది కాదని ఒకరు ప్రాణం తీస్తుంటే, ఆయన మైదా జిగురు గిన్నెలో కుంచె తిప్పుకుంటూ చిన్నగా నవ్వేవాడు. కోపం లేదు, తొందర లేదు. ఎవరైనా గొంతు పెంచితే ఆ మాట ఆయన దాకా చేరడానికి కొంచెం సేపు పట్టేది. చేరాక కూడా అదే నవ్వు.

ఆ నవ్వు మీద నాకు అసూయగా ఉండేది. నేను పరీక్షల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నాకు శ్రీలలిత అని పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారని ఆఫీసులో చాటుగా అనుకునేవారు. నిజమే, నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అది తగ్గడానికి పొద్దున్నే నడవమని డాక్టరు చెబితే, తార్నాకలో మా ఇంటి నుంచి బయలుదేరి క్యాంపస్‌లో నడిచేదాన్ని.

నిద్రగన్నేరు చెట్ల కింద మంచు ఇంకా విడవకముందే ఉప్పలయ్య వారాసిగూడ నుంచి సీతాఫల్‌మండి మీదుగా నడుచుకుంటూ వచ్చేవాడు. ఆ తెల్లటి మసకలో ఎదురుగా వస్తుంటే ఆయన కాళ్ళు నేలకు ఆనుతున్నాయా లేదా అని అనుమానం కలిగేది. ఎక్కడో పొదల్లో నెమలి అరిచేది. ఆర్ట్స్ కాలేజీ రాళ్ళు లేత గులాబీ రంగులోకి తిరిగేవి. ఆయన ఆగి నాకు నమస్కారం పెట్టి, పెట్టిన సంగతి మరిచిపోయి మళ్ళీ పెట్టేవాడు. ఎంత మర్యాదస్తుడో అనుకునేదాన్ని. మనిషి నడుస్తూనే నిద్రలో ఉన్నాడని నాకేం తెలుసు.

ఆ ఏడేళ్ళ మొదట్లో ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. కుట్లు సలుపుతున్నాయి, నిద్ర పట్టడం లేదంటే ఆపరేషన్ చేసిన డాక్టరు, పదిహేను రోజులు రాత్రికి సగం చొప్పున వేసుకోమని ఒక నిద్రమాత్ర రాశాడు. తెల్లటి, గుండ్రటి, చిన్న మాత్ర. కుట్లు మానాయి గాని మాత్ర మానలేదు. వేసుకోని రోజు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేదట, అందుకని వేసుకునేవాడు. మందుల షాపులో ఆ చీటీ చూపిస్తే అడగకుండా ఇచ్చేవారు. అర మాత్ర ఒకటైంది. ఒకటి రెండైంది. తరువాత పగలు భోజనం అయ్యాక ఇంకో సగం చేరింది.

ఇందులో నా పాపం కొంత ఉంది. అది ముందే చెప్పేస్తాను.

రెండేళ్ళు గడిచేసరికి ఆ చీటీ మడతల దగ్గర నాలుగు ముక్కలైంది. షాపులో కొత్తగా చేరిన మనిషి ఈ ముక్కల మీద మందు ఇవ్వనన్నాడు. ఆ మధ్యాహ్నం నేను మా అమ్మ రాసుకున్న వంటల నోటుపుస్తకం బైండింగుకు ఇద్దామని వెళ్ళాను. ఉప్పలయ్య పనంతా పక్కన పెట్టి, ఆ నాలుగు ముక్కలను బల్ల మీద పేర్చుకుని చూస్తూ కూర్చున్నాడు. ఏమిటవి అంటే మందుల చీటీ అన్నాడు. ఏం మందులో నేను అడగలేదు. ఎండన పడి వచ్చిన నా పని కావడం లేదని ఒళ్ళు మండింది. "యూనివర్సిటీ కాగితాలన్నీ భద్రం చేసేవాడివి, నీ కాగితం ఒక్కటి భద్రం చేసుకోలేవా" అన్నాను.

ఆయన చేసుకున్నాడు. ప్లాస్టిక్ వేస్తే కాగితానికి ఊపిరాడదని ఆయన నమ్మకం. పాత మ్యాపులకు చేసే పద్ధతిలో ముక్కలను కలిపి, సన్నటి కాలికో గుడ్డ మీద మైదా జిగురుతో అతికించి, రెండు రోజులు రాయి కింద పెట్టి, అంచులకు పట్టీ కూడా వేశాడు. మరుసటి వారం నాకు తీసి చూపించాడు. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. ఎంత బాగా చేశావని మెచ్చుకుని ఇంటికి వచ్చాను. పదిహేను రోజులకు రాసిన కాగితం ఇంకో ఐదేళ్ళు నడిచింది.

కిందటేడు జూన్‌లో సంగతి బయటపడింది. సోషియాలజీలో ఇద్దరు అమ్మాయిలు ఒకేసారి థీసిస్‌లు కుట్టించుకున్నారు. ఒకటి వారం సంతల్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళ మీద, ఇంకొకటి చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళ మీద. ఒకే గైడు, ఒకే నీలం అట్ట, దాదాపు ఒకే లావు. నూట ఇరవయ్యో పేజీ నుంచి దీని కాగితాలు దానిలోకి, దాని కాగితాలు దీనిలోకి వెళ్ళిపోయాయి. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, అంతవరకూ సంతలో బెండకాయలమ్ముతున్న ఆడవాళ్ళు ఉన్నట్టుండి మోకాలిలోతు నీళ్ళలోకి దిగి వల ఎందుకు విసురుతున్నారని అడిగాడట. గదంతా నవ్వారు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది. తప్పు బైండింగుదని తేలాక రెండూ విప్పి మళ్ళీ కుట్టారు, ఎవరి డిగ్రీ ఆగలేదు.

ఉప్పలయ్యకు మాత్రం మొహం చెల్లలేదు. నలభై ఏళ్ళలో ఆయన చేతి మీదుగా ఒక్క పేజీ తారుమారు కాలేదు. అంతకంటే భయపెట్టింది ఏమిటంటే, ఆ రెండు పుస్తకాలు కుట్టినట్టే ఆయనకు గుర్తు లేదు.

"చేతులు చేసినయ్ మేడం. నేను గాడ లేను," అన్నాడు నాతో.

ఆ సిగ్గుతో ఆ రోజే మాత్రలు మోరీలో పారేశాడు. మూడో రోజు మధ్యాహ్నం దుకాణంలో కటింగ్ మిషన్ పక్కనే పడిపోయి కొట్టుకున్నాడు. ఫిట్స్. అంగుళం అటైతే తల ఆ ఇనుము మీద పడేది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఆయన భార్య సోమమ్మకు అరగంట నచ్చజెప్పింది. ఇన్నేళ్ళు వాడిన మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మెల్లగా తగ్గించుకోవాలని, ఆయనకు ఆసుపత్రిలో మంచం అక్కరలేదని, ఇంటి నుంచే వచ్చిపోతూ చేయించుకునే చికిత్సలు ఊళ్ళో ఉన్నాయని చెప్పింది. మంచిది చూసి ఎంచుకోమంది. అంతవరకు మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి, కొద్ది రోజులకు సరిపడా రాసిచ్చింది.

ఆ ఎంచుకునే పనికి సోమమ్మ నా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషు చదవగలను, పోట్లాడగలను, ఆమెకు ఆ రెండే కావాలి. అప్పుడే నాకు మొదటిసారి మాత్ర సంగతి, చీటీ సంగతి పూర్తిగా తెలిసింది. వింటుంటే నా నోటి మాట నాకే తగిలింది. సోమమ్మతో మాత్రం అనలేకపోయాను.

ఆమె అసలు బెంగ వేరే ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు స్వర్ణ ఇదే యూనివర్సిటీలో బాటనీలో పరిశోధన చేస్తోంది. క్యాంపస్ బంజరు నేలల్లో మొలిచే గడ్డి జాతుల మీద నాలుగేళ్ళ పని. పొడిగింపులన్నీ అయిపోయాయి, నవంబరు ఆఖరుకు థీసిస్ ఇచ్చి తీరాలి. అది తన చేత్తో కుట్టాలని ఆ పిల్ల పదో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఉప్పలయ్య ఆశ. నల్లకుంటలో దొరికిన ముదురాకుపచ్చ కాలికో గుడ్డ అప్పుడే కొని ట్రంకుపెట్టెలో దాచాడు. పిల్లను మాత్రం దుకాణంలో దబ్బనం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ పని తనతో ఆగిపోవాలని పట్టుదల. ఇప్పుడు ఆ పుస్తకం ఆ చేతులతో కుట్టగలడా లేదా అన్నదే ఇంట్లో అందరి గుండెల్లో ఉంది, ఎవరూ పైకి అనడం లేదు.

నాకు తెలిసిన విద్య ఒకటే. ప్రశ్నపత్రం తయారుచేశాను. ఒకటి, మందు ఎలా తగ్గిస్తారు. రెండు, ఎన్నాళ్ళు పడుతుంది. మూడు, వెళ్ళిన ప్రతిసారీ చూసేది డాక్టరా, ఇంకెవరైనానా. నాలుగు, మళ్ళీ ఫిట్స్ వస్తే ఏం చేస్తారు. ఐదు, మధ్యలో మనిషి జారి దొంగతనంగా మాత్ర వేసుకుంటే ఏమంటారు. ఒక్కో ప్రశ్నకు ఇరవై మార్కులు. ఆ కాగితం పట్టుకుని ఉప్పలయ్యను, సోమమ్మను వెంటబెట్టుకుని జూలై వానల్లో బయలుదేరాను.

మొదటిది మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల సెంటరు. ఇరవై ఒక్క రోజుల్లో విముక్తి అని బోర్డు. కోటు వేసుకున్న కౌన్సిలరు నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పాడు. ఇరవై ఒక్క రోజులు. ఫిట్స్ లాంటివి తమ దగ్గర జరగవు. జారడమన్న ప్రశ్నే లేదు. చూసేది తమ టీము. ఆగస్టు నడిమికి అయిపోతే ఇక థీసిస్‌కు ఏ బెంగా ఉండదు. తడుముకోకుండా రాసిన పేపరంటే నాకు ముందునుంచీ ముచ్చట. ఎనభై నాలుగు వేశాను.

రెండోది పొద్దున వ్యానులో తీసుకుపోయి సాయంత్రం దింపే చోటు. అందరూ తాగుడు మానడానికి వచ్చినవాళ్ళు. మాత్రల వాళ్ళకూ అదే పాఠం చెబుతామన్నారు. దుకాణం మూయాలి. యాభై రెండు.

మూడోది సీతాఫల్‌మండి స్టేషనుకు దగ్గర్లో, పాత ఇంటి మేడ మీద, ఒక ట్రస్టు నడిపే క్లినిక్కు. మెట్లెక్కేటప్పటికే నాకు ఆయాసం, చిరాకు. అక్కడి డాక్టరు పేరు కృపారాణి, నలభై ఐదేళ్ళుంటాయి. నా కాగితం చూసి, ముందు తను కొన్ని అడుగుతానంది. రోజుకు ఎన్ని, ఏ వేళకు, ఎన్నేళ్ళుగా, తాగుతాడా, ఇంట్లో ఎవరెవరికి తెలుసు, పడిపోయిన రోజు ముందు ఏమనిపించింది, అన్నీ ఉప్పలయ్యనే అడిగింది. ఆయన మెల్లగా, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. ఆమె మధ్యలో అందించలేదు. తరువాత నా వంతు వచ్చింది.

ఎన్నాళ్ళు పడుతుందన్నాను.

"తెల్వదు మేడం," అంది. "ముందు మందు మార్చి, రెండు వారాలకోసారి రవ్వంత తగ్గిస్తం. ఆయన ఒళ్ళు ఊకుంటే ఇంకొంచెం. ఊకోకపోతే అక్కడనే ఆగుతం. ఏడాది గావచ్చు, ఎక్కువ గావచ్చు."

తెలియదన్న జవాబుకు నా సర్వీసులో సున్న తప్ప పడగా చూడలేదు. సున్న వేశాను. ఫిట్స్ రావచ్చని, రాకుండా చూసుకోవడానికే ఇంత నిదానమని, వస్తే ఏం చేయాలో సోమమ్మకు ఇవాళే నేర్పుతామని అంది. ప్రతి బుధవారం రావాలని, మధ్యలో జారవచ్చని, జారితే దాచకుండా ఆ రోజు చెప్పాలని, ఎవరూ తిట్టరని అంది. ప్రతిసారీ చూసేది తనే. సోమమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నవంబరు సంగతి ఎత్తింది. అప్పటికి మాత్ర పూర్తిగా పోదని, చేతులు వణికే రోజులు అవేనని, అబద్ధం చెప్పలేనని డాక్టరు చెప్పింది. అన్నీ కూడితే ముప్పై ఒకటి. పాస్ మార్కులు కూడా రాలేదు.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. స్టేషను ప్లాట్‌ఫారం మీద రేకు కింద బెంచీ మీద కూర్చున్నాం ముగ్గురం. పట్టాల మీద వాన పడుతూ అవతలి ఒడ్డు కనిపించకుండా పోయింది. రైలు ఏదీ రావడం లేదు. నేను మార్కులు చదివి వినిపించి, మెయిన్ రోడ్డు సెంటరులో రేపే చేరమన్నాను. ఉప్పలయ్య చాలాసేపు వాన చూశాడు. నిద్రపోయాడేమోనని భుజం తట్టబోయాను.

"మేడం, పాత పుస్తకం తెచ్చి ఎన్ని రోజులల్ల విప్పి కుడ్తవని అడుగుతరు. నేనేమంట?"

"విప్పి చూస్తేగాని తెలియదంటావు."

"ఇరవై రోజులని ముందే చెప్పెటోడు ఏం జేస్తడో తెల్సా? ఎనుక జిగురు నాననియ్యడు, గుంజుతడు. దారంతోటి కాగితం గూడ లేసొస్తది." తడి చొక్కా అంచు పిండుకున్నాడు. "ఒక్కసారి గుంజి చూసిన గద. చాలు. ఈ డాక్టరమ్మకు పని తెల్సు."

మరి స్వర్ణ పుస్తకమో అని నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. సోమమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఉప్పలయ్య రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు విప్పి చూసుకున్నాడు.

"బిడ్డ పుస్తకం ఎవలన్న కుడ్తరు మేడం. నాకు బిడ్డ యాదికుండాలె."

నా మార్కుల కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళలో ఎన్నో రీవాల్యుయేషన్లు చూశాను గాని, మార్కులు అంతగా తలకిందులైంది అదొక్కసారే. నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది, వాన జల్లు ఉంది గనక ఎవరికీ తెలియలేదు.

తరువాతి బుధవారం డాక్టరు కృపారాణి ఆ పాత చీటీ తెప్పించుకుని అటూ ఇటూ తిప్పింది. దీన్ని చింపడం తన వల్ల కాదని నవ్వింది. ఇక నుంచి తన చీటీ మీదే, ఏ వారానికి ఆ వారం, ఒకే షాపులో మందు తీసుకోవాలని, ఇది మాత్రం ఇంట్లో పెట్టుకోమని, ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు ఏం చేయాలో ఆయనకే తెలుస్తుందని చెప్పింది. సోమమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో ఆకుపచ్చ గుడ్డ అడుగున పెట్టి తాళం వేసింది.

ఆ నాలుగు నెలలు ఉప్పలయ్య ఒక నిద్రలోంచి అంచెలంచెలుగా పైకి తేలడం నేను పక్కన నడుస్తూ చూశాను. మొదట చప్పుళ్ళు వచ్చాయి. నెమలి అరిస్తే చెవులు మూసుకునేవాడు. ఎప్పటినుంచి ఇంత గట్టిగా అరుస్తున్నాయి ఇవి అని అడిగితే, ఏడేళ్ళుగా అని చెప్పాను. తరువాత వాసనలు. మైదా జిగురు ఇంత పుల్లగా కంపు కొడుతుందని ఎవరూ తనతో అనలేదని నొచ్చుకున్నాడు. ఎండ కళ్ళలో గుచ్చుకునేది. ఒకో వారం హాయిగా గడిచేది, ఒకో వారం గోడ పట్టుకుని నడిచేవాడు. ఆగస్టులో ఒకరోజు, అట్ట రంగు మూడోసారి మార్చమన్న పిల్లవాణ్ణి పట్టుకుని ఆయన చెడామడా తిట్టేశాడు. నేను రోడ్డు అవతల నిలబడి విన్నాను. అంత సంతోషం నాకు ఈ మధ్య ఏ కచేరీలోనూ కలగలేదు.

బుధవారాలు క్లినిక్కులో ఆరుగురు గుండ్రంగా కూర్చుని తమ నిద్ర సంగతులు చెప్పుకునేవారట. వారిలో ఒక స్కూలు టీచరు, ఒక రిటైర్డ్ నర్సు కూడా ఉన్నారు. మాత్రల బానిసలంటే ఎలా ఉంటారో అనుకున్నానని, అందరూ బస్సులో పక్క సీటువాళ్ళలా ఉన్నారని ఆయన ఆశ్చర్యపోయాడు. సెప్టెంబరులో ఒకసారి జారాడు. పక్కింటి ముసలమ్మ రాములవ్వ వాడే నిద్రమాత్రలలో ఒకటి అడిగి వేసుకున్నాడు. బుధవారం వెళ్ళి తనే చెప్పాడు. డాక్టరమ్మ తిట్టలేదు. మూడు వారాలు తగ్గించడం ఆపి, ఉన్నచోటే ఉంచింది.

అక్టోబరులో ఒక పొద్దున మంచులోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నమస్కారం కూడా పెట్టలేదు.

"కల పడ్డది మేడం. ఏడేండ్లయింది."

దుకాణానికి పైకప్పు లేదట. అరల్లో ఉన్న పుస్తకాలన్నిటికీ వెన్నుల్లోంచి పచ్చగడ్డి మొలిచిందట. స్వర్ణ చిన్నపిల్లగా గౌను వేసుకుని, ఒక్కో పోచనూ తాకి దాని పేరు చెబుతూ పోతోందట. అన్ని పేర్లూ విన్నాను, లేచేసరికి ఒక్కటీ గుర్తు లేదని చెబుతూ ఆయన ఏడ్చాడు. నిద్రగన్నేరు ఆకులు అప్పుడే విప్పుకుంటున్నాయి. మేమిద్దరం ఆ చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాం, ఆ రోజు నా నడక లెక్క తప్పింది.

నవంబరు రానే వచ్చింది. స్వర్ణ ఆరు ప్రతులు ప్రింటు తీయించి దుకాణంలో బల్ల మీద పెట్టింది. పేజీలు సరిచూసే పని నేను తీసుకున్నాను. ప్రతి ప్రతిలో రెండు వందల ఎనభై నాలుగు, ఒక్కొక్కటీ రెండుసార్లు లెక్కపెట్టాను. ఉప్పలయ్య ఆకుపచ్చ గుడ్డ కొలిచి, అట్టలు కోసి, రంధ్రాలు వేశాడు. అంతవరకు బాగానే సాగింది. దారం ఎక్కించిన దబ్బనం రంధ్రంలోకి మాత్రం పోలేదు. చేయి వణుకుతోంది. నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఐదోసారి దబ్బనం వేలిలో గుచ్చుకుంది. రక్తం పైకాగితం మీద పడకుండా చేయి వెనక్కి లాక్కున్నాడు.

అందరికీ తెలిసిన మాట ఆయనే అన్నాడు.

"ఒక్కటి ఏసుకుంటే చెయ్యి నిలుస్తది. ఒక్క గంటల పనైపోతది."

సోమమ్మ నావైపు చూసింది. ఆ చీటీ ఉన్న ట్రంకుపెట్టె తాళంచెవి ఆమె మెడలో పసుపుతాడుకే ఉంది. షాపు నడిచిపోయేంత దూరం. ఒకప్పుడు ఈ మనిషికి అక్కరలేని మాట ఒకటి చెప్పాను, ఇప్పుడు అక్కరకొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. ఉప్పలయ్య వేలు గుడ్డతో చుట్టుకున్నాడు. దబ్బనం కేసి చూశాడు. పిల్ల కేసి చూశాడు. తరువాత దబ్బనం తిప్పి, మొన తనవైపు పెట్టుకుని, దారమున్న కొస ఆమెవైపు చాచాడు.

"ఇగో, పట్టు."

స్వర్ణ కదల్లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ముట్టుకోవద్దని విన్నది.

"నువ్వే కుట్టు బిడ్డా. నేను చెప్త."

ఆమె కుట్టింది. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, దారం మరీ గుంజొద్దు కాగితం కోసుకుపోతది అని ఆయన చెబుతూ ఉంటే, కుదురుగా కుట్టింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, దుకాణంలో మొదటిసారి గిరాకీలా కూర్చున్నాడు. మొదటి ప్రతి కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ వేయనా నాయినా అంది. వద్దన్నాడు. ఆరో ప్రతి పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. ఆ వంకర కుట్టు ప్రతి తను తీసుకుని, మిగిలిన ఐదూ ఆమె చేతిలో పెట్టాడు.

మార్చి నెలలో, ఒక ఆదివారం పొద్దున, ఉప్పలయ్య మా ఇంటికి వచ్చాడు. మాత్ర ఇంకా పూర్తిగా పోలేదు. గోటితో గీరినంత మిగిలిందని, దాన్నీ తొందరపెట్టడం లేదని చెప్పాడు. సంచిలోంచి ఆ చీటీ తీసి వరండా బల్ల మీద పెట్టి, చింపడానికి తనకు చేతులు రావడం లేదని, నన్ను చింపమన్నాడు. నేను పట్టుకుని లాగాను. పళ్ళ బిగువున లాగాను. ఆయన అతుకు కదల్లేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"గట్ల గాదు మేడం. తడిగుడ్డ ఇయ్యుండ్రి."

తడిగుడ్డ మడిచి చీటీ మీద కప్పాడు. జిగురు నానడానికి అరగంట పడుతుందన్నాడు. కాఫీ తెచ్చాను. వీధిలో పూలమ్మాయి కేక దూరమైపోయింది. వేప పూత రాలి వరండా గచ్చు మీద సన్నగా పరుచుకుని ఉంది. గాలికి అది కదులుతుంటే చూస్తూ కూర్చున్నాం. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్న మాట అప్పుడు చెప్పేశాను. ఆ రోజు నేను నోరు పారేసుకోకపోతే ఆ చీటీ ముక్కలుగానే పోయేదని, మందు అప్పుడే ఆగేదని, నన్ను క్షమించమని అడిగాను. నా జీవితంలో నేను ఎవరినీ అడగని మాట అది.

ఆయన గుడ్డ తీసి, ఒక మూల గోటితో లేపి, కాలికోను నిదానంగా, వెంట్రుకవాసి చొప్పున వెనక్కి ఒలిచాడు. ఆయన చేయి వణకలేదు. కాగితం చిరగకుండా విడిపోయింది. దాన్ని బోర్లించి నా ముందు పెట్టాడు.

ఇన్నేళ్ళూ గుడ్డకు అంటుకుని ఉన్న ఆ వెనకవైపు, ఎర్ర పెన్నుతో తెలుగులో రెండు వాక్యాలు ఉన్నాయి. పదిహేను రోజులే వాడాలి. తరువాత మళ్ళీ వచ్చి చూపించుకోవాలి.

నేను తలెత్తి ఆయన్ని చూశాను.

"అతికించేటప్పుడు సదివిన మేడం. సదివే అతికించిన. మీరు అనకున్నా అతికించెటోన్నే." తడి కాగితం అంచు వేలితో సరిచేశాడు. "అందుకే గంత గట్టిగ ఏసిన."

ఆ కాగితాన్ని ఏం చేస్తావని అడిగాను. ఆయన దాన్ని పాత న్యూస్‌పేపరు మడతలో పరిచి, పైన నా నిఘంటువు బరువు పెట్టాడు.

"ఆరనియ్యుండ్రి. మళ్ళ వచ్చి చూపించుకోమన్నడు గద. బుధవారం పట్కపోయి డాక్టరమ్మకు చూపిస్త."